ఆఫ్రికాతో వ్యాపారం, పెట్టుబడి: కాకినాడ, పలాస, హైదరాబాద్‌ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

బియ్యం పంపేవారు, జీడిపిక్కలు తెప్పించేవారు, మందుల కంపెనీలవారు, అక్కడే యూనిట్ పెట్టాలనుకునేవారు అడిగే సందేహాలు ఏళ్లుగా పెద్దగా మారలేదు. అందుకే వాటిని దశలవారీగా ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకున్నా సరిపోతుంది. సుంకాలు, నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి, సరుకు కదిలే వారంలో మీ బ్యాంకు దగ్గర, కస్టమ్స్ బ్రోకర్ దగ్గర ఒకసారి ఖరారు చేసుకోండి.

## మొదలుపెట్టే ముందు

ఆఫ్రికాకు ఎగుమతి చేద్దామనుకుంటున్నాను. అన్ని దేశాలకూ ఒకే రూల్స్ ఉంటాయా?

ఉండవు. ఆఫ్రికా యూనియన్‌లో 55 సభ్య దేశాలున్నాయి. భాష, డబ్బు, కస్టమ్స్ చట్టం దేశానికొకటి. అయితే వ్యాపారానికి పనికొచ్చే గుంపులు కొన్ని ఉన్నాయి. తూర్పున కెన్యా, టాంజానియా, ఉగాండా, రువాండా ఉన్న ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీకి ఉమ్మడి దిగుమతి సుంకం ఉంది. 2022 జూలై నుంచి 0, 10, 25, 35 శాతం అని నాలుగు మెట్లు పెట్టారు. పశ్చిమాన ఎకోవాస్ అనే కూటమి దేశాలకు 0, 5, 10, 20, 35 శాతం అని ఐదు మెట్లు. బెనిన్, టోగో, సెనెగల్, ఐవరీ కోస్ట్ వంటి 8 దేశాలు ఒకే కరెన్సీ వాడతాయి. దాని పేరు సీఎఫ్‌ఏ ఫ్రాంక్. యూరోకు 655.957 చొప్పున దాని విలువ కట్టేశారు కాబట్టి నైజీరియా నైరాలా రాత్రికి రాత్రి పడిపోయే భయం తక్కువ.

మొదటిసారి పంపేవాళ్లు ఒక్క దేశం, ఒక్క సరుకు, ఒక్క పోర్టుతో మొదలుపెట్టాలి. ఒకేసారి ఐదు దేశాల్లో బయ్యర్లను వెతికితే ఐదు రకాల కాగితాలు నేర్చుకోవాల్సి వస్తుంది. ఏదీ పూర్తిగా రాదు.

మన ప్రాంతానికి, ఆఫ్రికాకు మధ్య నిజంగా ఏ సరుకు నడుస్తోంది?

కాకినాడ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు ఉప్పుడు బియ్యం, నూకలు. హైదరాబాద్ నుంచి దాదాపు ఖండమంతటికీ మందులు. అటు నుంచి పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమకు ముడి జీడిపిక్కలు. ఈ మూడు దారుల్లోనూ ఓడలు, బ్రోకర్లు, తనిఖీ ఏజెన్సీలు, అనుభవమున్న బ్యాంకు శాఖలు ఇప్పటికే ఉన్నాయి. కొత్తవాళ్లకు ఈ దారులే మేలు.

ఆఫ్రికా అంతటికీ ఫ్రీ ట్రేడ్ ఒప్పందం వచ్చిందట కదా, మన సరుకుకు సుంకం పడదా?

పడుతుంది. ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై 2018 మార్చిలో రువాండా రాజధాని కిగాలీలో సంతకాలయ్యాయి, 2019 మే 30న అది అమల్లోకి వచ్చింది, 2021 జనవరి 1న దాని కింద వ్యాపారం మొదలైంది. కానీ అది ఆఫ్రికా దేశాల మధ్య మాత్రమే. భారత్‌లో తయారైన వస్తువు కెన్యాలో దిగి ఘనాకు వెళ్లినా దానికి ఆ రాయితీ రాదు. అక్కడి ముడిసరుకుతోనో, అక్కడ చెప్పుకోదగ్గంతగా రూపం మార్చో తయారైతేనే ఆఫ్రికా సరుకుగా లెక్క. అంటే ఈ ఒప్పందం లాభం అక్కడ ఫ్యాక్టరీ పెట్టేవారిది, ఇక్కడి నుంచి కంటైనర్ పంపేవారిది కాదు.

భారత్‌కు నేరుగా వాణిజ్య ఒప్పందం ఉన్న ఆఫ్రికా దేశం మారిషస్. అది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

ఐఈసీ నంబర్ వచ్చేసింది. ఇక సరుకు పంపేయొచ్చా?

ఇంకా కొన్ని పనులున్నాయి. ఐఈసీ (ఎగుమతి, దిగుమతులు చేసేవారి కోడ్) ఒకసారి తీసుకుంటే శాశ్వతమే అయినా ఏటా ఏప్రిల్–జూన్ మధ్య ఆన్‌లైన్‌లో వివరాలు ధ్రువీకరించాలి. మరిస్తే నంబర్ పనిచేయకుండా పోతుంది, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వేయబోయేసరికి గాని సంగతి తెలియదు. విదేశీ మారకం చూసే మీ బ్యాంకు శాఖ ఇచ్చే ఏడీ కోడ్‌ను కస్టమ్స్ పోర్టల్‌లో నమోదు చేయాలి. జీఎస్‌టీ కట్టకుండా ఎగుమతి చేయాలంటే ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ (హామీ పత్రం) వేయాలి. సరుకును బట్టి సంబంధిత మండలి నమోదు ఉంటుంది: బియ్యానికి వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా, మిర్చి పసుపులకు స్పైసెస్ బోర్డు, మందులకు హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఫార్మెక్సిల్.

## బయ్యర్, డబ్బు

పశ్చిమ ఆఫ్రికా నుంచి పెద్ద ప్రభుత్వ ఆర్డర్ ఉందని మెయిల్ వచ్చింది. నమ్మొచ్చా?

టెండర్ నమోదు ఫీజు, లాయర్ ఫీజు, ఒప్పందం స్టాంపు ఖర్చు అంటూ మీ దగ్గరే ముందు డబ్బు అడిగితే అది మోసమే. నిజంగా ఆర్డర్ ఇచ్చేవాడు మెయిల్‌లో ఇలా ఫీజులు వసూలు చేయడు. బేరమాడకుండా మొదటి మెయిల్‌కే ధర ఒప్పుకోవడం, వెంటనే మనిషిని పంపి ఒప్పందం మీద సంతకం చేయమని తొందరపెట్టడం కూడా గుర్తులే.

నిజమైన బయ్యర్ ముందు శాంపిల్ అడుగుతాడు, సంచి మీద ముద్ర గురించి అడుగుతాడు, ఫ్రీ డేస్ (పోర్టులో కంటైనర్‌ను ఉచితంగా ఉంచే రోజులు) ఎన్ని ఇప్పిస్తారని అడుగుతాడు. కంపెనీ రిజిస్ట్రేషన్, పన్ను నంబర్ తీసుకుని ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయపు వాణిజ్య విభాగానికి రాయండి. ఎగుమతులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ ద్వారా బయ్యర్ మీద క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవచ్చు. మొదటి సరుకు ఒక్క కంటైనర్‌కు మించకూడదు.

ఎల్‌సీ ఉంటే డబ్బు గ్యారంటీగా వస్తుందా?

ఎల్‌సీ అంటే బయ్యర్ తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం. దాని విలువ దాన్ని తెరిచిన బ్యాంకును బట్టి ఉంటుంది. బలహీనమైన బ్యాంకు తెరిచిన ఎల్‌సీ కాగితం మీద బాగానే ఉంటుంది, డాలర్లు మాత్రం రావు. అందుకే మరో పెద్ద అంతర్జాతీయ బ్యాంకు కన్ఫర్మ్ చేసిన, అంటే తానూ హామీ ఇచ్చిన, ఎల్‌సీ అడగండి. ఆ ఛార్జీ ఎవరు భరించాలో ధర మాట్లాడేటప్పుడే తేల్చుకోండి.

రెండో ప్రమాదం మన వైపు నుంచే వస్తుంది. ఎల్‌సీ కింద బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. ఎల్‌సీలకు వర్తించే యూసీపీ 600 అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే ఓడ ఎక్కించిన 21 రోజుల్లోపు, ఎల్‌సీ గడువు దాటకుండా, పత్రాలు సమర్పించాలి. బ్యాంకుకు పరిశీలనకు ఐదు పని రోజులుంటాయి. పేరులో ఒక అక్షరం తేడా, ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీతో సరిపోకపోవడం, సీఐఎఫ్ విలువకు (సరుకు ధర, బీమా, ఓడ కిరాయి కలిపి) 110 శాతం ఇన్సూరెన్స్ లేకపోవడం, ఓడ తేదీ దాటిపోవడం: డబ్బు ఆగేది ఎక్కువగా వీటి దగ్గరే. ఆగాక బయ్యర్‌కు బేరమాడే అవకాశం దొరుకుతుంది. మార్కెట్ ధర పడిపోయి ఉంటే తప్పకుండా వాడుకుంటాడు. కాబట్టి ఎల్‌సీ ముసాయిదా రాగానే మీ బ్యాంకులో విదేశీ వ్యాపారం చూసే అధికారి ముందు పెట్టి, మనం ఇవ్వలేని పత్రం ఏదైనా ఉంటే సరుకు లోడ్ కాకముందే సవరణ అడగాలి.

ఎల్‌సీ కుదరని చిన్న బయ్యర్‌తో 30 శాతం అడ్వాన్స్, మిగతా 70 శాతం పత్రాలు బ్యాంకు ద్వారా ఇచ్చేటప్పుడు, అనే పద్ధతి ఎక్కువగా నడుస్తుంది. ఆ 30 శాతం ఎలా తేల్చాలంటే, బయ్యర్ సరుకు వద్దంటే వెనక్కి తెప్పించడానికో, పక్క పోర్టులో అమ్మడానికో అయ్యే ఖర్చు దాంతో గట్టెక్కాలి. తక్కువ విలువైన సరుకుకు 30 కూడా చాలదు.

ఈసీజీసీ పాలసీ తీసుకుంటే నష్టం మొత్తం ఇస్తారా?

మొత్తం ఇవ్వరు. పాలసీని బట్టి సాధారణంగా 80 నుంచి 90 శాతం దాకా. క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యేది మాత్రం శాతం దగ్గర కాదు, తేదీల దగ్గర. సరుకు ఎక్కించకముందే ఆ బయ్యర్ మీద క్రెడిట్ పరిమితి మంజూరై ఉండాలి. నెలవారీ షిప్‌మెంట్ డిక్లరేషన్ ఇవ్వాలి. డబ్బు ఆలస్యమైతే గడువులోగా ఓవర్‌డ్యూ రిపోర్టు చేయాలి. బయ్యర్ మొహమాటపెట్టాడని మీరే గడువు పొడిగించి ఈసీజీసీకి చెప్పకపోతే హక్కు పోతుంది. సరుకు నాణ్యత మీద తగాదా ఉంటే అది తేలేదాకా క్లెయిమ్ కదలదు. అందుకే లోడింగ్ దగ్గర స్వతంత్ర తనిఖీ సర్టిఫికెట్ తీసుకోవడం అవసరం.

బయ్యర్ డబ్బు కట్టానంటున్నాడు, డాలర్లు దొరకట్లేదని వాళ్ల బ్యాంకు అంటోంది. ఏం చేయాలి?

ఇది చాలా దేశాల్లో నిజంగా జరిగేదే. బయ్యర్ స్థానిక కరెన్సీలో జమ చేసినా, విదేశీ మారకం కొరత వల్ల బ్యాంకు నెలల తరబడి పంపదు. నైజీరియా 2023 జూన్‌లో, ఇథియోపియా 2024 జూలైలో తమ కరెన్సీలను మార్కెట్‌కు వదిలేశాయి. అప్పటి పతనంలో, అరువు మీద కొన్న దిగుమతిదారులకు డాలర్ బాకీ స్థానిక లెక్కలో ఎంతో పెరిగిపోయింది.

ముందుగా బయ్యర్ జమ చేసినట్టు ఆ బ్యాంకు నుంచి లిఖితపూర్వక ధ్రువీకరణ తీసుకోండి. ఈసీజీసీ దృష్టిలో బయ్యర్ ఎగవేత వేరు, దేశం డబ్బు బదిలీ చేయలేకపోవడం వేరు. రెండోదానికి ఈ కాగితమే ఆధారం. తర్వాత మీ బ్యాంకుకు తెలియజేయండి. ఎగుమతి డబ్బు రావాల్సిన గడువును ఆర్‌బీఐ 2025 నవంబర్‌లో 9 నెలల నుంచి 15 నెలలకు పెంచింది. అయినా గడువు దాటేదాకా ఊరుకోకుండా, ముందే పొడిగింపు అడగాలి.

రూపాయల్లో చెల్లింపు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. 2022 జూలైలో విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో తెరిచే ప్రత్యేక రూపీ వోస్ట్రో ఖాతాలకు ఆర్‌బీఐ అనుమతించింది. కెన్యా, టాంజానియా, ఉగాండా, బోట్స్వానా, మారిషస్ వంటి దేశాల బ్యాంకులకు అనుమతులు వచ్చాయి. కానీ ఆ బయ్యర్ దగ్గర రూపాయలు ఉండాలి కదా. మన దేశానికి ఎక్కువ అమ్మే దేశంతోనే ఇది సాఫీగా నడుస్తుంది.

## సరుకు పంపేటప్పుడు

కాకినాడ నుంచి బియ్యం పంపాలంటే ముందుగా దేని మీద కన్నేసి ఉంచాలి?

ఢిల్లీ నోటిఫికేషన్ల మీద. 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి ఆపేశారు. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యాన్ని ఆపారు, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2024 సెప్టెంబర్–అక్టోబర్‌లలో బియ్యం మీద ఆంక్షలు ఎత్తేశారు. నూకల నిషేధం 2025 మార్చిలో తొలగింది. 2025 సెప్టెంబర్ నుంచి బాస్మతి కాని బియ్యం ఒప్పందాలను అపెడాలో నమోదు చేయాలన్న నిబంధన వచ్చింది. కాబట్టి ఒప్పందంలో రెండు మాటలు ఉండాలి: ప్రభుత్వం ఎగుమతి ఆపితే ఇరువైపులా జరిమానా లేకుండా రద్దు, కొత్త సుంకం వస్తే అది కొనేవారి ఖాతా.

రెండోది, సరుకు మూలం. 2024 నవంబర్‌లో కాకినాడ తీరంలో రేషన్ బియ్యం కలిసిందని ఒక ఓడను నిలిపేశారు. తీరానికి దూరంగా ఓడ ఆగే చోటికి (యాంకరేజీకి) బార్జీల మీద తీసుకెళ్లి నింపుతారు కాబట్టి ఎన్నో మిల్లుల సరుకు ఓడలో ఒకే గదిలో (హ్యాచ్‌లో) కలుస్తుంది. మీ లాట్‌కు మిల్లు బిల్లులు, లారీ వేబిల్లులు, గోదాము రిజిస్టరు విడిగా ఉంచుకోండి.

మూడోది, అసలు గిరాకీ ఎక్కడిదన్న సంగతి. బెనిన్‌లోని కొటోనూలో దిగే బియ్యంలో చాలాభాగం సరిహద్దు దాటి నైజీరియా చేరుతుంది. 2019 ఆగస్టులో నైజీరియా భూసరిహద్దులు మూసినప్పుడు ఆ వ్యాపారం ఒక్కసారిగా దెబ్బతింది. 2020 డిసెంబర్‌లో గాని అవి తెరుచుకోవడం మొదలుకాలేదు. కొటోనూ బయ్యర్‌తో మాట్లాడేటప్పుడు నైజీరియా వార్తలు కూడా చదవాలి.

పీవీఓసీ, సోన్‌క్యాప్, బీఎస్‌సీ అంటున్నారు. ఇవేంటి, ఎవరు తీసుకోవాలి?

పీవీఓసీ అంటే సరుకు మన దేశం దాటకముందే అక్కడి ప్రమాణాలకు సరిపోతుందో లేదో చూసే తనిఖీ. కెన్యా, టాంజానియా అడుగుతాయి. ఆ దేశాలు గుర్తించిన ఏజెన్సీలు భారత్‌లోనే ఉన్నాయి. నైజీరియాలో అలాంటిది సోన్‌క్యాప్. దాంతోపాటు బయ్యర్ సరుకు కదలకముందే తన బ్యాంకులో ఫారం ఎం (దిగుమతి వివరాల పత్రం) తెరవాలి. బీఎస్‌సీ అనేది సరుకు వివరాల ట్రాకింగ్ పత్రం. బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్, సెనెగల్, కామెరూన్ వంటి ఫ్రెంచ్ మాట్లాడే దేశాల్లో తప్పనిసరి. ఓడ చేరకముందే చేయించాలి.

అన్నిటిలోనూ జరిగే పొరపాటు ఒకటే: కంటైనర్ సీల్ వేసి పోర్టుకు పంపాక తనిఖీ ఏజెన్సీకి ఫోన్ చేయడం. అప్పటికి చూసేందుకు సరుకు అందుబాటులో ఉండదు, సర్టిఫికెట్ రాదు, అక్కడ జరిమానా పడుతుంది. ప్యాకింగ్ మొదలవడానికి రెండు వారాల ముందే దరఖాస్తు వేయండి. ఫ్రెంచ్ దేశాలకు లేబుల్ ఫ్రెంచ్‌లో ఉండాలి.

కంటైనర్ చేరడానికి ఎన్ని రోజులు? డెమరేజ్ ఎందుకంత పడుతుంది?

విశాఖ నుంచి తూర్పు ఆఫ్రికాకు, మధ్యలో కొలంబో వంటి చోట ఓడ మారి, మూడు నాలుగు వారాలు పడుతుంది. పశ్చిమ ఆఫ్రికాకు నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు. ఉగాండా, రువాండా, ఇథియోపియాలకు తీరం లేదు. మొంబాసా, దార్ ఎస్ సలాం, జిబూటీల నుంచి లారీల మీద పోవాలి. ఆ కిరాయి ఓడ కిరాయికి తగ్గకపోవచ్చు.

పోర్టులో ఉచితంగా ఉంచే రోజులు దాటితే టెర్మినల్‌కూ, షిప్పింగ్ లైన్‌కూ రోజువారీగా విడివిడిగా కట్టాలి. డెమరేజ్ అనేది ఇదే. కాగితాలు ఆలస్యమైతే చాలు, ఉచిత రోజులన్నీ పోతాయి. సరుకు బుక్ చేసేటప్పుడే 14 నుంచి 21 ఫ్రీ డేస్ అడిగి, బీఎల్ (షిప్పింగ్ లైన్ ఇచ్చే సరుకు పత్రం) మీద రాయించుకోండి. నోటి మాటగా ఇచ్చిన ఫ్రీ డేస్‌ను అక్కడి ఏజెంట్ లెక్కలోకి తీసుకోడు.

హైదరాబాద్‌లో మాకు చిన్న ఫార్ములేషన్ యూనిట్ ఉంది. అక్కడ మందు అమ్మడానికి ఎంత కాలం పడుతుంది?

ఏడాదికి పైనే పడుతుందనుకుని డబ్బు సర్దుకోండి. ప్రతి మందునూ ప్రతి దేశంలో విడిగా నమోదు చేయాలి: నైజీరియాలో నాఫ్‌డాక్, టాంజానియాలో టీఎండీఏ, కెన్యాలో ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు. డబ్ల్యూహెచ్‌ఓ జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల) సర్టిఫికెట్, ఆ మందుకు ఇచ్చే ధ్రువపత్రం సీఓపీపీ, మందు పూర్తి వివరాల డోసియర్ కావాలి. 30 డిగ్రీలు, 75 శాతం తేమలో చేసిన స్టెబిలిటీ పరీక్ష ఫలితాలుంటే వేడి దేశాలకు ఇబ్బంది ఉండదు.

చాలామంది చేతులు కాల్చుకునేది మరోచోట. నమోదు అక్కడి ఏజెంట్ ద్వారా జరుగుతుంది. ఆ నమోదు ఎవరి పేరున ఉందో, ఒప్పందం ముగిస్తే మరో ఏజెంట్‌కు ఎలా మారుతుందో ముందే పవర్ ఆఫ్ అటార్నీలో రాసుకోకపోతే, ఏజెంట్‌ను మార్చగానే మార్కెట్ మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. నైజీరియాలో ఇంకో సంగతి కూడా ఉంది. దిగుమతి మందుల నమోదును కొన్నేళ్ల తర్వాత స్థానిక తయారీ వైపు మళ్లించే 'ఐదు ప్లస్ ఐదు' విధానం నాఫ్‌డాక్‌ది. అక్కడ దీర్ఘకాలం ఉండాలనుకుంటే స్థానిక భాగస్వామితో తయారీ గురించి ఇప్పటి నుంచే ఆలోచించాలి.

## జీడిపిక్కలు తెప్పించేటప్పుడు

ఏ నెలలో ఏ దేశం సరుకు వస్తుంది?

పశ్చిమ ఆఫ్రికాలో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, టాంజానియా, మొజాంబిక్‌లలో అక్టోబర్ నుంచి జనవరి దాకా కోత. మన ఉద్దానం పంట వేసవిలో వస్తుంది కాబట్టి చలికాలంలో బట్టీలు ఆగకుండా నడిపించేది టాంజానియా సరుకే. అక్కడ రైతుల సహకార సంఘాల ద్వారా గోదాము రసీదుల మీద వేలం జరుగుతుంది. తోటకు వెళ్లి నేరుగా కొనడం కుదరదు.

48 ఔట్‌టర్న్ అని ఒప్పుకుని 46 వచ్చింది. తేడా ఎలా లెక్కేయాలి, ఎలా అడగాలి?

ఔట్‌టర్న్ అంటే 80 కిలోల బస్తా పిక్కల్లో దొరికే పనికొచ్చే పప్పు, పౌండ్లలో. కోత పరీక్ష ఇలా చేస్తారు. లాట్‌లో కనీసం పదో వంతు బస్తాల నుంచి కొద్దికొద్దిగా తీసి, కలిపి, ఒక కిలో నమూనా తూస్తారు. ముందు పిక్కలు లెక్కపెడతారు. కిలోకు పిక్కలు ఎంత తక్కువుంటే గింజ అంత పెద్దది. తర్వాత ఒక్కోటీ కోసి మంచి పప్పు, మచ్చ పప్పు, పనికిరానిది అని విడదీసి తూస్తారు. మంచి పప్పు గ్రాములకు మచ్చ పప్పులో సగం కలిపి 0.1764తో గుణిస్తే ఔట్‌టర్న్ వస్తుంది. మంచి పప్పు 260 గ్రాములు, మచ్చ పప్పు 16 గ్రాములైతే 268 × 0.1764, అంటే 47.3.

48కి బదులు 46 వస్తే బస్తాకు 2 పౌండ్ల పప్పు పోయినట్టు. టన్నుకు పన్నెండున్నర బస్తాలు, అంటే 25 పౌండ్లు, దాదాపు 11.3 కిలోల పప్పు. వంద టన్నుల లాట్‌లో టన్నుకు పైగా పప్పు తగ్గిందన్నమాట.

ఈ తేడా అడగాలంటే ఒప్పందంలో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: లోడింగ్ పోర్టు ఫలితం చివరిదా లేక దిగిన పోర్టుదా, తగ్గిన ప్రతి పౌండుకు ధర ఏ నిష్పత్తిలో తగ్గాలి, ఎంతకంటే తగ్గితే సరుకు తిరస్కరించవచ్చు, పరీక్ష ఏ ఏజెన్సీ చేయాలి. 'లోడింగ్ ఫలితమే చివరిది' అని సంతకం చేసి ఇక్కడికి వచ్చాక గొడవపడితే ఫలితం ఉండదు.

లోడింగ్‌లో బాగున్న పిక్కలు ఇక్కడికి వచ్చేసరికి బూజు ఎందుకు పడుతున్నాయి?

తేమ వల్ల. పది శాతం దాటిన తేమతో మూసిన కంటైనర్‌లో, పగలు వేడికి పిక్కల్లోని నీరు ఆవిరై, రాత్రి చల్లబడ్డ ఇనుప పైకప్పుకు పట్టి, చుక్కలుగా బస్తాల మీద పడుతుంది. నెలన్నర ప్రయాణంలో పై వరుసలు నల్లబడతాయి. తేమ 8–9 శాతానికి ఎండబెట్టాకే నింపాలి. గోడలకు, పైకప్పుకు క్రాఫ్ట్ పేపర్ వేసి, తేమ పీల్చే సంచులు వేలాడదీయాలి. సీజన్ చివర్లో, వర్షాలు మొదలయ్యాక కొన్న చౌక సరుకులో ఈ బెడద ఎక్కువ. ధరలో మిగిలింది పప్పులో పోతుంది.

దిగుమతి సుంకం ఎంత? టాంజానియా సరుకుకు మినహాయింపు ఉందంటారు, నిజమేనా?

ముడి జీడిపిక్కల మీద మూల సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. ఐజీఎస్‌టీ వేరుగా పడుతుంది. బాగా వెనుకబడిన దేశాలకు భారత్ 2008లో ప్రకటించి 2014లో విస్తరించిన సుంకరహిత పథకం దాదాపు 98 శాతం టారిఫ్ లైన్లకు (సుంకాల పట్టికలోని వస్తువుల వరుసలకు) వర్తిస్తుంది. టాంజానియా, మొజాంబిక్ ఆ వర్గంలోవే. ఐవరీ కోస్ట్, ఘనా, నైజీరియా ఆ వర్గంలో లేవు. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) వేసే ముందు మీ టారిఫ్ లైన్‌ను తాజా నోటిఫికేషన్‌లో చూసుకోండి.

మినహాయింపు కోరాలంటే మూల ధ్రువపత్రం (సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్) ఒక్కటే చాలదు. 2020 సెప్టెంబర్ 21 నుంచి అమల్లో ఉన్న కారోటార్ నియమాల ప్రకారం ఆ సరుకు అక్కడిదేనని చూపే సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి, ఐదేళ్లు భద్రపరచాలి. కస్టమ్స్ అడిగినప్పుడు 'అమ్మినవాడికి తెలుసు' అంటే కుదరదు.

అడ్వాన్స్ పంపమంటున్నారు. బీఎల్ స్కాన్ కూడా పంపారు. పంపేయమంటారా?

స్కాన్ చూసి పంపొద్దు. బీఎల్ నంబర్, కంటైనర్ నంబర్లు షిప్పింగ్ లైన్ సొంత వెబ్‌సైట్‌లో వేసి చూడండి. మెయిల్‌లో వచ్చిన లింకు వాడకండి. నకిలీ ట్రాకింగ్ సైట్లు ఉంటాయి. బీఎల్ నిజమైనా లోపల రాళ్లు, పొట్టు నింపిన కేసులున్నాయి. అందుకే మీరు నియమించిన తనిఖీ మనిషి బస్తాలు నింపేటప్పుడు అక్కడుండి, సీల్ నంబర్ రాసుకుని, ఆ నంబర్ బీఎల్‌తో సరిపోయాకే డబ్బు కదలాలి. చెల్లింపు పత్రాలకు బదులుగా బ్యాంకు ద్వారా జరగాలి. 'బ్యాంకు ఖాతా మారింది' అని మధ్యలో మెయిల్ వస్తే, పాత ఫోన్ నంబర్‌కు మీరే ఫోన్ చేసి గొంతు విని ఖాయం చేసుకోండి.

## పెట్టుబడి పెట్టేటప్పుడు

పలాసలో యూనిట్ ఉంది. ఆఫ్రికాలోనే ప్రాసెసింగ్ పెట్టడం మంచిదా?

ఎక్కువ దేశాలు అటువైపే నెడుతున్నాయి. బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతి ఆపేసి, గ్లో–జిగ్బే పారిశ్రామిక వాడలో ప్రాసెసింగ్‌కు పిలుస్తోంది. ప్రపంచంలో అత్యధికంగా జీడి పండించే ఐవరీ కోస్ట్ కూడా స్థానిక ఫ్యాక్టరీలకు సరుకు అందేదాకా ముడి ఎగుమతిని ఆపిన సందర్భాలున్నాయి. ఆ రైతులకు, అక్కడి కార్మికులకు ఇది న్యాయమైన కోరికే. పండేచోట పని ఉండాలని మనమూ కోరుకుంటాం.

లెక్క మాత్రం జాగ్రత్తగా వేయాలి. పొట్టు, చిప్ప బరువు ఓడలో మోయక్కర్లేదు కాబట్టి కిరాయి బాగా మిగులుతుంది. మరోవైపు కరెంటు ఖరీదు, జనరేటర్, విడిభాగాలు రావడానికి పట్టే వారాలు, పీలింగ్ పనిలో చేయి తిరగడానికి పట్టే నెలలు ఉంటాయి. పలాస ఆడవాళ్ల చేతుల్లో తరాలుగా ఉన్న నైపుణ్యం యంత్రంతో పాటు రాదు. మొదటి ఏడాది బద్దలు, ముక్కలు ఎక్కువ వస్తాయని ముందే లెక్కలో పెట్టాలి. మధ్యేమార్గం ఒకటుంది: ఉడికించి, పగలగొట్టి, పొట్టు తీయని పప్పు దాకా అక్కడ, పొట్టు తీయడం, గ్రేడింగ్ ఇక్కడ. దీనికి మన దిగుమతి సుంకం వేరుగా ఉంటుంది కాబట్టి ముందే చూసుకోవాలి. రెండు సీజన్లు అక్కడ సరుకు కొని అలవాటుపడనిదే స్థలం తీసుకోకపోవడం మేలు.

ఇక్కడి నుంచి పెట్టుబడి డబ్బు ఎలా పంపాలి?

కంపెనీ, ఎల్‌ఎల్‌పీ, రిజిస్టరైన భాగస్వామ్య సంస్థ అయితే 2022 ఆగస్టు 22 నుంచి అమల్లో ఉన్న విదేశీ పెట్టుబడి నియమాల కింద, చివరి ఆడిట్ బ్యాలెన్స్ షీట్ ప్రకారం నికర విలువకు 400 శాతం దాకా ఆర్‌బీఐ ముందస్తు అనుమతి లేకుండా కట్టుబడవచ్చు. వాటా మూలధనమే కాదు, అక్కడి కంపెనీకి ఇచ్చే అప్పు, గ్యారంటీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, ఆ పెట్టుబడికి గుర్తింపుగా ఇచ్చే యూఐఎన్ నంబర్ వచ్చాకే డబ్బు పోవాలి. అక్కడి లాయర్ చెప్పాడని ముందే పంపితే తర్వాత సరిదిద్దుకోవడం పెద్ద పని.

వ్యక్తిగా అయితే ఏడాదికి 2,50,000 డాలర్ల ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపే పథకం) పరిమితిలోనే. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు.

లోకల్ పార్ట్‌నర్ తప్పనిసరా?

దేశాన్ని, రంగాన్ని బట్టి. ఘనాలో 2013 చట్టం ప్రకారం స్థానిక భాగస్వామితో కలిస్తే విదేశీయుడి కనీస మూలధనం 2 లక్షల డాలర్లు, భాగస్వామికి కనీసం 10 శాతం వాటా ఉండాలి. ఒంటరిగా అయితే 5 లక్షలు. సరుకు కొని అమ్మే వ్యాపారమైతే 10 లక్షలు. టాంజానియా 2025 జూలైలో చిల్లర వ్యాపారం వంటి కొన్ని చిన్న వ్యాపారాల్లో విదేశీయులను నిషేధించింది. ఇది అన్యాయమనుకోకండి, చిన్న దుకాణాల బతుకును కాపాడాలని ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది. తయారీ, శుద్ధి, కోల్డ్ స్టోరేజీ వైపు వెళ్లేవారికి ద్వారాలు తెరిచే ఉన్నాయి.

భాగస్వామి పేరుకే ఉండే ఏర్పాటు వద్దు. కాగితం మీద 51 శాతం అతనిదైతే కోర్టులోనూ 51 శాతం అతనిదే.

లాభం వెనక్కి తెచ్చుకోవడం కష్టమా?

పెట్టుబడి లోపలికి వెళ్లిన రోజు నమోదు సరిగా ఉంటే కష్టం తగ్గుతుంది. నైజీరియాలో డబ్బు చేరిన 24 గంటల్లో బ్యాంకు ఇచ్చే మూలధన దిగుమతి సర్టిఫికెట్ లేకపోతే, తర్వాత అధికారిక మార్కెట్‌లో డివిడెండ్‌కు డాలర్లు కొనలేరు. యంత్రాల రూపంలో పెట్టుబడి పెట్టినా ఆ సర్టిఫికెట్ తీసుకోవాలి. మరో దారి: అక్కడి యూనిట్ ఎగుమతులు చేసేదైతే డాలర్ ఆదాయం దానికే వస్తుంది, కరెన్సీ కొరత తాకిడి తగ్గుతుంది.

గొడవ వస్తే ఎక్కడ తేల్చుకోవాలి?

అక్కడి కోర్టు అంటే ఏళ్లు, మన కోర్టు తీర్పు అక్కడ అమలు కావడం అనుమానం. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) క్లాజు పెట్టుకోండి. ఆ దేశం 1958 న్యూయార్క్ ఒప్పందంలో ఉందో లేదో ముందు చూడండి. ఉంటే ఆర్బిట్రేషన్ తీర్పును అక్కడ అమలు చేయించుకోవడం తేలిక. ఫ్రెంచ్ మాట్లాడే చాలా దేశాలు సహా 17 దేశాలకు ఒహాడా ఉమ్మడి వాణిజ్య చట్టం వర్తిస్తుంది. దాని న్యాయస్థానం ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో ఉంది. ఆ ఒప్పందాలు ఫ్రెంచ్ తెలిసిన లాయర్ చదవాల్సిందే. ఆర్బిట్రేషన్ క్లాజులో వేదిక, భాష, మధ్యవర్తుల సంఖ్య, వర్తించే చట్టం నాలుగూ ఉండాలి.

వెళ్లి చూసి రావాలంటే ఏం కావాలి?

వీసాతోపాటు యెల్లో ఫీవర్ టీకా కార్డు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంలో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్‌లో వేస్తారు. కార్డు లేకుండా యెల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్ చేయొచ్చు.

పెట్టుబడి పెట్టాక ఇక్కడ ఏటా చేయాల్సినవి ఏమైనా ఉన్నాయా?

డబ్బు పంపిన ఆరు నెలల్లోపు వాటా సర్టిఫికెట్ వంటి రుజువు బ్యాంకుకు ఇవ్వాలి. ఏటా జూలై 15లోపు ఎఫ్‌ఎల్‌ఏ (విదేశీ ఆస్తులు, అప్పుల) రిటర్ను, డిసెంబర్ 31లోపు అక్కడి కంపెనీ లెక్కల ఆధారంగా ఏపీఆర్ (వార్షిక పనితీరు నివేదిక) వేయాలి. యూనిట్ ఇంకా మొదలవలేదు, లాభం లేదు అనేది మినహాయింపు కాదు. ఆలస్యమైతే రిటర్నుకు 7,500 రూపాయల లేట్ ఫీజు ఉంటుంది. అసలు ఇబ్బంది ఫీజు కాదు. పెండింగ్ రిటర్ను సరిచేసేదాకా అక్కడికి మరో రూపాయి పంపనివ్వరు. సీజన్ మొదట్లో పిక్కలు కొనడానికి డబ్బు కావాల్సిన ఫిబ్రవరిలోనే ఇది బయటపడుతుంది కాబట్టి, అక్కడి ఆడిటర్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడే లెక్కలు అక్టోబర్ చివరికల్లా పంపాలని రాయించుకోండి.